హిప్నోథెరపీకి అర్హత చూడాలి

హనుమకొండ, కాజీపేట ప్రాంతాల్లో హిప్నోథెరపీ (హిప్నాసిస్ అనే సమ్మోహన స్థితిలో సూచనలిచ్చి చేసే చికిత్స) కేంద్రాలు నడుపుతున్న వారి అర్హతలను తనిఖీ చేసేవారు లేరు. మూడు రోజుల శిక్షణ పత్రాన్ని పటం కట్టి గోడకు తగిలించిన ఒకచోట, మూర్ఛవ్యాధి ఉన్న మా బంధువుల అమ్మాయికి మాత్రలు మానేస్తేనే చికిత్స ఫలిస్తుందని చెప్పారు. మానిన పదో రోజున ఆమె నీళ్ల బిందెతో సహా మెట్ల మీద పడిపోయింది. హిప్నాసిస్ మోసమని నేననడం లేదు. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1955లోనే దాన్ని వైద్యానికి పనికొచ్చే పద్ధతిగా గుర్తించింది, నొప్పిని, ఆందోళనను తగ్గించడంలో అది నేటికీ తోడ్పడుతోంది. అయితే అది మందులకు తోడే తప్ప ప్రత్యామ్నాయం కాదు. ఆ స్థితిలో మనిషి స్పృహ కోల్పోడు, ధ్యాస ఒకేచోట నిలిచి ఎదుటివారి సూచనలను తేలికగా స్వీకరిస్తాడు. కనుకనే గత జన్మ చూపిస్తామంటూ లేని జ్ఞాపకాలను నాటే అనర్హుల చేతిలో అది ప్రమాదకరం. జిల్లా వైద్యాధికారులు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్యుల సాయంతో ఈ కేంద్రాలను తనిఖీ చేసి, సైకియాట్రిస్టులను, భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులను మాత్రమే అనుమతించి, వారి నమోదు సంఖ్యను గుమ్మం దగ్గరే తెలుగులో రాయించాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ