కెర్నెల్ మారాక స్క్రీన్ నల్లబడితే ఫార్మాట్ చేయక్కర్లేదు

సంపాదకులకు,

లైనక్స్‌లో కెర్నెల్ (సిస్టమ్‌ను నడిపే కేంద్ర ప్రోగ్రాం) అప్‌గ్రేడ్ అయ్యాక స్క్రీన్ నల్లగా మిగిలిపోయిందన్న పాఠకుడికి మీ సాంకేతిక శీర్షికలో ఇచ్చిన జవాబు చూశాం. డేటా కాపీ చేసుకుని సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. ఇది అనవసరమైన సలహా. అలాంటి సందర్భాల్లో సిస్టమ్ సాధారణంగా నిక్షేపంగానే ఉంటుంది. కొత్త కెర్నెల్‌కు సరిపడే గ్రాఫిక్స్ మాడ్యూల్ (కెర్నెల్‌లోకి లోడ్ అయ్యే డ్రైవర్ ముక్క) తయారు కాలేదు, లేదా తయారైనా లోడ్ కాలేదు. ఈ రెంటిలో ఏది జరిగిందో తేల్చుకుంటే చాలావరకు పని అయిపోయినట్టే.

ముందు గ్రాఫిక్స్ కార్డు ఏ కంపెనీదో చూడాలి. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నెల్‌లో భాగంగానే వస్తాయి కాబట్టి కెర్నెల్‌తో పాటే మారతాయి. ఎన్విడియా సొంత డ్రైవర్ కెర్నెల్ బయట ఉంటుంది. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు వెర్షన్‌కూ వెర్షన్‌కూ మారిపోవచ్చు, అవి అలాగే ఉంటాయన్న హామీ ఎవరూ ఇవ్వరు. అందుకే ఆ మాడ్యూల్‌ను ప్రతి కొత్త కెర్నెల్‌కూ విడిగా కంపైల్ చేయాలి (సోర్సు కోడ్ నుంచి కట్టాలి). ఆ పని దానంతటదే జరిగేలా చూసేది డీకేఎంఎస్ అనే టూల్. అది విఫలమైతే కనీసం నూవో అనే ఓపెన్ డ్రైవర్ అయినా బొమ్మ చూపాలి కదా అని అడగవచ్చు. ఎన్విడియా ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే నూవోను బ్లాక్‌లిస్టులో పెడుతుంది. ఇది రాదు, అది రానివ్వరు. నల్ల స్క్రీన్‌కు అసలు కారణం ఇదే.

బయటపడటానికి తొలి మెట్టు పాత కెర్నెల్. బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ కీ నొక్కితే, పాత బయోస్ యంత్రాల్లో షిఫ్ట్ కీ పట్టుకుంటే గ్రబ్ మెనూ (ఏ కెర్నెల్‌తో బూట్ కావాలో ఎంచుకునే జాబితా) వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి అంతకు ముందరి కెర్నెల్ ఎంచుకోవాలి. ఒక్కో కెర్నెల్ మాడ్యూళ్లు ఒక్కో ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి పాతవి చెక్కుచెదరవు. దాంతో డెస్క్‌టాప్ వచ్చిందంటే కార్డులో లోపం లేదని కూడా తేలిపోతుంది. పాత కెర్నెల్ మిగిలి లేకపోతే మెనూలో ఇంగ్లిష్ e అక్షరం నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ (గ్రాఫిక్స్ డ్రైవర్లను పక్కన పెట్టమనే సూచన) అని చేర్చి ఎఫ్ 10 నొక్కాలి. ఇది ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది. కొందరు దీన్ని గ్రబ్ సెట్టింగుల్లో శాశ్వతంగా వదిలేస్తుంటారు. అలా చేస్తే ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కూడా లోడ్ కావు, రోగం కంటే మందు చేటు.

ఇక టెర్మినల్ తెరవాలి. (ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నాం, టైపు చేసేటప్పుడు అన్నీ చిన్న బడి ఇంగ్లిష్ అక్షరాలే.) డీకేఎంఎస్ స్టేటస్ అని కొడితే ఏ డ్రైవర్ ఏ కెర్నెల్‌కు తయారైందో చూపిస్తుంది. కొత్త కెర్నెల్ నంబరు ఎదురుగా ఇన్‌స్టాల్డ్ అని ఉండాలి. ఆ నంబరే కనబడకపోతే, లేదా యాడెడ్ అన్న దగ్గరే ఆగిపోతే, ముందుగా అనుమానించాల్సింది కెర్నెల్ హెడర్స్ ప్యాకేజీని (ఆ కెర్నెల్‌కు మాడ్యూల్ కట్టడానికి కావాల్సిన ఫైళ్లు). అది లేకుండా మాడ్యూల్ కంపైల్ కాదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అందరూ చెప్పే చిట్కా ప్రకారం లైనక్స్ హెడర్స్ పేరు పక్కన యూనేమ్ హైఫన్ ఆర్ ఆదేశాన్ని తగిలించి ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ ఆదేశం ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ నంబరు ఇస్తుంది. మనం బూట్ చేసింది పాత కెర్నెల్‌తో కదా! పాత హెడర్లే మళ్లీ వస్తాయి, రీబూట్ చేస్తే మళ్లీ అదే చీకటి. కొత్త కెర్నెల్ పూర్తి నంబరును చేత్తో టైపు చేసి దాని హెడర్లు వేసుకోవాలి. తర్వాత డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ ఆదేశానికి హైఫన్ కె చేర్చి అదే నంబరు ఇవ్వాలి. ఇక ముందు ఈ ఇబ్బంది రాకుండా ఉబుంటులో లైనక్స్ హెడర్స్ జెనరిక్, డెబియన్‌లో లైనక్స్ హెడర్స్ ఏఎండీ 64 అనే మెటా ప్యాకేజీలు (కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా దాని హెడర్లను తెచ్చేవి) ఉంచుకోవాలి. ఉబుంటులో హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే) కెర్నెల్ వాడేవాళ్లకు హెడర్ల మెటా ప్యాకేజీ కూడా హెచ్‌డబ్ల్యూఈదే కావాలి.

హెడర్లు ఉన్నా బిల్డ్ ఆగిపోతే టెర్మినల్‌లో కనిపించే బ్యాడ్ రిటర్న్ స్టేటస్ అన్న మాట దేనికీ పనికిరాదు. అసలు సంగతి వార్, లిబ్, డీకేఎంఎస్ ఫోల్డర్ల లోపల, ఎన్విడియా వెర్షన్ కింద బిల్డ్ ఫోల్డర్‌లో ఉండే మేక్ డాట్ లాగ్ ఫైల్లో ఉంటుంది. దాన్ని పైనుంచి చదవాలి. మొదటి ఎర్రర్ ముఖ్యం, తర్వాతవి ఎక్కువగా దాని పర్యవసానాలే. కంపైలర్‌కు ఫలానా ఆప్షన్ తెలియదని ఉంటే, కెర్నెల్‌ను కొత్త జీసీసీ కంపైలర్‌తో కట్టారు, మన దగ్గర పాతది ఉంది. ఉబుంటు 22.04లో 6.5 కెర్నెల్ వచ్చినప్పుడు ఇదే జరిగింది, జీసీసీ 12 వేసుకుంటే తీరిపోయింది. ఏదో ఫంక్షన్ డిక్లేర్ కాలేదని ఉంటే డ్రైవరే ఆ కెర్నెల్‌కు పాతదని అర్థం. కొత్త డ్రైవర్ వేయాలి, లేదా అది వచ్చేదాకా పాత కెర్నెల్‌లోనే ఉండాలి. మూడోది జీపీఎల్ ఓన్లీ సింబల్ అన్న ఎర్రర్, అంటే జీపీఎల్ లైసెన్సు ఉన్న మాడ్యూళ్లకే అనుమతించిన కెర్నెల్ ఫంక్షన్‌ను ఎన్విడియా మాడ్యూల్ వాడబోయిందని. 2024 ఫిబ్రవరిలో డెబియన్ 12.5తో వచ్చిన 6.1.76 కెర్నెల్‌పై ఎన్విడియా 525 డ్రైవర్ సరిగ్గా దీనితోనే ఆగిపోయింది. వాడేవాళ్ల తప్పేమీ లేదు, సరిచేసిన ప్యాకేజీ వచ్చేదాకా ఆగడమే మార్గం. డెబియన్ స్టేబుల్ వాడుతున్నాం కాబట్టి మనకు ఇవేవీ రావనుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

మాడ్యూల్ తయారయ్యాక కూడా లోడ్ కాకపోవచ్చు. మోడ్‌ప్రోబ్ ఎన్విడియా అని కొడితే కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్ అని వస్తే అది సెక్యూర్ బూట్ (డిజిటల్ సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే రక్షణ) అడ్డుపడటం. సంతకం లేని మాడ్యూల్‌ను, లేదా తనకు తెలియని కీతో సంతకం చేసిన మాడ్యూల్‌ను కెర్నెల్ ఒప్పుకోదు. డీకేఎంఎస్ సంతకానికి వాడే కీని మోక్‌యూటిల్ ఇంపోర్ట్ ఆదేశంతో ఇచ్చి, ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి రీబూట్ చేయాలి. నీలం స్క్రీన్ రాగానే ఏదో ఒక కీ నొక్కి ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. ఆ స్క్రీన్ కొన్ని సెకన్లే ఉంటుంది. వదిలేస్తే మామూలుగా బూట్ అయిపోతుంది, కీ నమోదు కాదు. ఒకసారి నమోదైతే తర్వాతి కెర్నెళ్లకూ అదే కీ చెల్లుతుంది.

కార్డు స్థితి చూపే ఎన్విడియా ఎస్ఎంఐ ఆదేశం డ్రైవర్ లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్ అంటే మాత్రం కంగారు పడక్కర్లేదు. డిస్కులో డ్రైవర్ మారింది, మెమరీలో ఇంకా పాతదే ఉంది, రీబూట్ చాలు.

తయారీదారు సైటు నుంచి డాట్ రన్ ఫైలు దించుకుని వేయడం మాకు అసలు నచ్చని పద్ధతి. అది ప్యాకేజీ మేనేజర్‌కు తెలియకుండా ఫైళ్లు పెడుతుంది. డీకేఎంఎస్‌తో జత చేయకపోతే వచ్చే కెర్నెల్‌కే మళ్లీ మొదటికొస్తుంది. ఇప్పటికే వేసి ఉంటే, ప్యాకేజీ డ్రైవర్ జోలికి వెళ్లేముందు ఎన్విడియా అన్ఇన్‌స్టాల్ ఆదేశంతో దాన్ని తీసేయాలి. రెండూ ఒకేచోట ఉంటే ఏ ఎర్రర్ దేనిదో చెప్పడం కష్టం. కెప్లర్ అనే పాత తరం ఎన్విడియా కార్డులకు 470 శ్రేణే ఆఖరిది, వాటిపై అంతకంటే కొత్త డ్రైవర్ వేస్తే కార్డునే గుర్తించదు.

ఇంత తతంగం లేకుండా తప్పించుకోవాలంటే చూడాల్సింది అప్‌గ్రేడ్ ముగిశాక, రీబూట్‌కు ముందు. డీకేఎంఎస్ స్టేటస్‌లో కొత్త నంబరు ఉందా, బూట్ పార్టిషన్‌లో చోటు మిగిలిందా అన్నవి అప్పుడే చూసుకోవాలి. చోటు చాలకపోతే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో కెర్నెల్ వాడే ఫైలు) తయారీ సగంలో ఆగిపోతుంది, అప్పుడు డ్రైవర్ బాగున్నా కెర్నెల్ బూట్ కాదు. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ (బయటి ప్యాకేజీల భండారం) డ్రైవర్ వాడేవాళ్లకు డీకేఎంఎస్ బదులు ఏకేమాడ్స్ ఉంటుంది. అప్‌డేట్ అయిపోయిందని టెర్మినల్ చెప్పినా, వెనకాల అది ఇంకా కంపైల్ చేస్తూనే ఉండవచ్చు. కొత్త కెర్నెల్ నంబరును హైఫన్ కెతో ఇచ్చి మోడ్‌ఇన్‌ఫో ఎన్విడియా కొట్టాలి. డ్రైవర్ వివరాలు కనిపించేదాకా రీబూట్ చేయకూడదు.

ఇట్లు,
లైనక్స్ సిస్టమ్‌ల నిర్వహణలో ఉన్న కొందరు పాఠకులు