హాస్టళ్లలో కామెర్లు: సెలవిస్తే సరిపోదు

ఎడిటర్ గారికి,

వానలు పడి నీళ్లు మారగానే కాలేజీ హాస్టళ్లలో పచ్చకామెర్లు మొదలవుతాయి. నలుగురికి కళ్లు పచ్చబడగానే యాజమాన్యం వారం సెలవిచ్చి పిల్లల్ని బస్సెక్కిస్తుంది. దీనివల్ల ఒరిగేది తక్కువ. హాస్టళ్లలో ఎక్కువగా కనిపించే హెపటైటిస్‌-ఎ (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) ఒంట్లో చేరిన 15 నుంచి 50 రోజుల్లో ఎప్పుడైనా బయటపడుతుంది. కళ్లు పచ్చబడక ముందు రెండు వారాల్లోనే మలంలో వైరస్ ఎక్కువగా పోతుంది. అంటే మొదటి కేసు తెలిసేసరికి అంటాల్సినవాళ్లకు చాలావరకు అంటిపోయే ఉంటుంది. వాళ్లు ఊళ్లకు వెళ్లి, మూడు వారాల తర్వాత అక్కడ పడకేస్తే హాస్టల్ లెక్కలోకి రారు.

చూడాల్సింది నీళ్లు. అడిగితే అందరూ ఆర్వో ప్లాంటు చూపిస్తారు. ఆర్వోలో క్రిముల్ని చంపే క్లోరిన్ నిలవదు. నీళ్లను వడకట్టే పొరను పాడుచేస్తుందని దాన్ని ముందే కార్బన్ ఫిల్టర్‌తో తీసేస్తారు. అలా వచ్చిన నీళ్లు స్టీలు డ్రమ్ములో నిలవుంటే, ఎవరో ఒకరు గ్లాసు ముంచితే, వాటికి రక్షణ లేదు. పైగా పళ్లు తోముకునేది, కంచాలు కడిగేది, చట్నీలోనూ మజ్జిగలోనూ పోసేది మామూలు ట్యాంకు నీళ్లే. మోటారు ఆపినప్పుడు ఖాళీ అయ్యే పైపు, పక్కనే కారే డ్రైనేజీని చిల్లుల్లోంచి లోపలికి లాగుతుంది. చాలాచోట్ల తంటా ఇక్కడే.

ముందు సంపు, ట్యాంకు ఖాళీ చేసి అడుగు మడ్డి తీయాలి. మడ్డి ఉంటే క్లోరిన్‌ను అదే తినేస్తుంది. తర్వాత వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్, అంటే 10,000 లీటర్ల ట్యాంకుకు 25 గ్రాములు. నేరుగా చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో కాసిని నీళ్లతో ముద్దగా కలిపి, పలచన చేసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. సున్నం మడ్డి పారబోయాలి. గంట ఆగి కుళాయిలు వదలాలి. మూతి విప్పి నెలల తరబడి మూలన పడేసిన బస్తాలో ఘాటు పోయి ఉంటుంది, అది వేసినా వేయనట్టే. అందుకే కొలిచి చూడాలి: ట్యాంకుకు దూరంగా ఉన్న చివరి కుళాయి నీళ్లలో క్లోరిన్ కొలిచే కిట్ చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. క్లోరిన్ మామూలు రోజుల్లో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు, జబ్బు ఉన్నప్పుడు 0.5 అయినా ఉండాలి. రంగు రాకపోతే మోతాదు పెంచి మళ్లీ చూడాలి.

మెస్‌లో వడ్డించేవాళ్లకు కామెర్లొస్తే కళ్లు పచ్చబడ్డాక కనీసం వారం వంటగదికి రానివ్వకూడదు, ఆ రోజుల జీతం కోయకూడదు. కోస్తే జబ్బు దాస్తారు. చేతులకు సబ్బే కావాలి. గేటు దగ్గర పెట్టే శానిటైజర్ ఈ వైరస్‌పై పెద్దగా పనిచేయదు. జబ్బుపడ్డ పిల్లలకు వేరే గది, వేరే మరుగుదొడ్డి ఇస్తే చాలు. గదిలో కలిసి ఉన్నవాళ్లకు రెండు వారాల్లోపు టీకా వేస్తే చాలావరకు కాపాడవచ్చు.

ఇంటికెళ్లిన పిల్లలకు పసరు పోయించడం, ఉప్పూ నూనే మాన్పించడం మామూలే. హెపటైటిస్‌-ఎ ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుంది కనుక పేరు పసరుకు దక్కుతుంది. కొన్ని పసర్లు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. జ్వరానికి పారాసెటమాల్ కూడా డాక్టరును అడగకుండా వేయకూడదు. మత్తుగా పడుండటం, తికమకగా మాట్లాడటం, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం... వీటిలో ఏది కనిపించినా ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

నెలలోపు రెండు కేసులొస్తే పరువు చూసుకోకుండా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) వైద్యాధికారికి చెప్పాలి. విశ్వవిద్యాలయాల తనిఖీ బృందాలు కూడా ఆర్వో ప్లాంటు ముందు ఫొటో దిగి వెళ్లకుండా, మెస్‌లో గిన్నెలు కడిగేచోట కుళాయి తిప్పి క్లోరిన్ ఎంతుందో రాసుకోవాలి.

- కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకులు, గుంటూరు