ముందు బంతి పిల్లలదే కావాలి

సంపాదకులకు,

నవంబర్ 14న, బాలల దినోత్సవం నాడు, మన చిత్తూరు, తిరుపతి వైపు చాలా బడుల్లో జరిగేది తెలిసిందే. అతిథి వచ్చేదాకా పిల్లలు ఎండలో, ప్రసంగాలన్నీ పెద్దలవి, తిండి చివర్లో.

పసిఫిక్‌లోని సమోవా ఊళ్లలో అక్టోబరు రెండో ఆదివారం ‘వైట్ సండే’ అనే పిల్లల పండుగ. మర్నాడు సెలవు. తెల్లబట్టలు కట్టుకున్న పిల్లలే చర్చిలో బైబిలు వాక్యాలు అప్పజెప్తారు, నాటికలు వేస్తారు. మామూలు రోజుల్లో పెద్దల తర్వాత తినే పిల్లలు ఆ రోజు ముందు బంతిలో కూర్చుంటారు, వడ్డించేది పెద్దలు. ఆ విందుకు చేమాకుల్లో చిక్కటి కొబ్బరిపాలు, ఉల్లిముక్కలు పోసి మూటకట్టి, కాలిన రాళ్ల మీద పెట్టి ఆకులు కప్పి మగ్గిస్తారు. ఆకు సరిగా ఉడక్కపోతే గొంతు దురదే. ఆ సంగతి మనకూ తెలుసు!

ఇక్కడ పులిహోర చాలు. వంద మంది పిల్లలకు 8 కిలోల బియ్యం, 800 గ్రాముల చింతపండు. అన్నం పలుకుగా వార్చి, వెడల్పు పళ్లేల్లో ఆరబోసి, పసుపు, నూనె పట్టించాకే పులుసు కలపాలి. పొగలు కక్కుతుండగా కలిపితే మెతుకు చితికి ముద్దవుతుంది. వేడిమీదే గిన్నెకు మూత బిగిస్తే ఆవిరి నీరై దిగి, మధ్యాహ్నానికి వాసన కొడుతుంది.

మైకు స్టాండు ఆరేళ్ల పిల్లల ఎత్తుకు దించండి. వడ్డన టీచర్లు, తల్లిదండ్రులు చూసుకోవాలి. అతిథిగారికి ఆఖరి బంతిలో పెట్టినా ఏమీ అనుకోరు.

– బాలల కార్యక్రమాల నిర్వాహకులు, తిరుపతి