ట్రాన్స్ పురుషులూ మన ఊళ్లోనే ఉన్నారు

సంపాదకులకు నమస్కారం.

ట్రాన్స్‌జెండర్ల మీద వార్త వచ్చినప్పుడల్లా ఫొటోలో ట్రాన్స్ మహిళలే కనిపిస్తారు. వాళ్ల గురించి రాయాల్సిందే, ఇంకా రాయాలి. కానీ ఆడపిల్ల అని పేరు పెట్టి పెంచినా, లోపల తాను మగవాడినేనని తెలిసినవాళ్లూ ఉన్నారు. ట్రాన్స్ పురుషులంటే వాళ్లే. నా తమ్ముడు అలాంటివాడే. పదహారేళ్లు వాణ్ణి చెల్లీ అని పిలిచాను.

కిందటేడు మద్దిలపాలెంలో వాడికి గది మాట్లాడాం. ఓనరుగారు అడ్వాన్స్ తీసుకుని ఆధార్ అడిగారు. కార్డులో రెండు జడలు, అమ్మాయి పేరు. ఎదురుగా గడ్డంతో మావాడు. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, మాటా పలుకూ లేకుండా డబ్బు లెక్కపెట్టి వెనక్కి ఇచ్చేశారు. సరే, కాగితాలు మార్పిద్దామని ఒక ఆఫీసుకు వెళితే, "ట్రాన్స్‌జెండర్ అంటే వాళ్లు కదమ్మా, ఈ బాబుకెందుకు?" అన్నారు. ఆ ఉద్యోగి వెటకారంగా అనలేదు, నిజంగానే తెలియదు. నాకు అదే ఎక్కువ బాధ.

ఎవరి లింగమేదో చెప్పుకునే హక్కు వాళ్లదేనని 2014 ఏప్రిల్ 15న, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2019లో వచ్చిన చట్టం ట్రాన్స్ పురుషుణ్ణి పేరుపెట్టి మరీ చేర్చి, గుర్తింపు పత్రం ఇచ్చే పని కలెక్టరుకు అప్పగించింది. ఆ సంగతి కౌంటర్ దాకా రాలేదు.

ఇల్లు వెళ్లగొట్టినా ట్రాన్స్ మహిళల్లో చాలామందికి జమాత్ అనే తమవాళ్ల సమూహం ఉంటుంది, గురువు ఉంటారు. ట్రాన్స్ పురుషులకు అదీ లేదు. ఆడపిల్లకుండే కాపలా అంతా వీళ్లకూ ఉంటుంది, పైగా పెళ్లి గొడవ. మావాడికి ఇంటర్ అవ్వగానే సంబంధాలు చూశారు. ఎలాగో బయటపడి, గడ్డం వచ్చాక జనంలో కలిసిపోతే ఇక ఎవరికీ తెలియదు. అలా ఉండటమే హాయి అనుకునేవాళ్లను బయటికి రమ్మనడం నా ఉద్దేశం కాదు, అది వాళ్ల ఇష్టం. సాయం కావాల్సినవాడు వచ్చినప్పుడు ఎదుటివాళ్లు తెల్లబోకూడదు, అంతే.

అందుకే కలెక్టరేట్‌లోనూ, సచివాలయాల్లోనూ సిబ్బందికి ట్రాన్స్ పురుషుల గురించి విడిగా చెప్పించండి. అవగాహన సదస్సు పెడితే వేదిక మీద వాళ్లకూ ఒక కుర్చీ వేయండి. మీ పత్రిక కూడా మార్చి 31న, ట్రాన్స్‌జెండర్లు నలుగురికీ కనిపించాలని జరిపే అంతర్జాతీయ దినం నాడు, వాళ్లలో మాట్లాడటానికి ఇష్టపడేవాళ్లను పలకరించాలి.

తమ్ముడికి చదివి వినిపించి, సరేనన్నాకే ఈ ఉత్తరం పంపుతున్నాను. వాడికి ఇంకా గది దొరకలేదు.

— ఒక అక్క, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం
(పేరు ప్రచురించవద్దని మనవి)