లేని సేవకు ‘చాలా సంతృప్తి’: ఉన్నత విద్యా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. గ్రంథాలయ సమాచార శాస్త్రంలో పీహెచ్‌డీ కూడా చేశాను. ఆ పీహెచ్‌డీ గురించి ఒక నిజం ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలికవుతుంది.

నా ప్రశ్నావళిలో పద్నాలుగో ప్రశ్న ఇంటర్ లైబ్రరీ లోన్ గురించి, అంటే ఇక్కడ లేని పుస్తకాన్ని వేరే లైబ్రరీ నుంచి తెప్పించి ఇచ్చే సేవ గురించి. ‘ఈ సేవ మీకు ఎంత సంతృప్తినిచ్చింది?’ అని అడిగి ‘అస్సలు లేదు’ నుంచి ‘చాలా సంతృప్తి’ దాకా ఐదు గళ్లు ఇచ్చాను. చాలామంది నాలుగో గడిలోనో ఐదో గడిలోనో టిక్కు పెట్టారు. చిక్కేమిటంటే, నేను సర్వే చేసిన లైబ్రరీలో ఆ సేవే లేదు! పాత థీసిస్ ఒకదాన్నుంచి ప్రశ్నావళి ఎత్తుకున్నప్పుడు ఆ ప్రశ్న కూడా దాంతోపాటు వచ్చేసింది. నేను చూసుకోలేదు, గైడ్ గారు చూసుకోలేదు, నింపినవాళ్లు ఎలాగూ చదవలేదు. సంగతి తెలిసేసరికి పట్టికలు వేసేశాను, కై స్క్వేర్ అనే గణాంక లెక్క కూడా కట్టేశాను. ఏం చేశానంటారా? ఆ ఒక్క పట్టిక పీకేసి మిగతావి ఉంచేశాను. డిగ్రీ వచ్చింది. కానీ పద్నాలుగో ప్రశ్నకు కళ్లు మూసుకుని టిక్కు పెట్టిన చేతులే పదమూడుకీ పదిహేనుకీ పెట్టాయి కదా అన్న టెన్షన్ మాత్రం వైవా రోజు నుంచి ఇవాళ్టి దాకా నన్ను వదల్లేదు.

ఇది నా ఒక్కదాని కథ అయితే మీకు రాసేదాన్ని కాదు. మా సబ్జెక్టు థీసిస్‌లు ఓ పది తీసి పక్కపక్కన పెట్టండి, ‘ఫలానా లైబ్రరీల్లో వనరులు, సేవల వినియోగం: ఒక అధ్యయనం’ అన్న పేరే అటూ ఇటూ మారుతూ కనిపిస్తుంది. రెండో చాప్టర్‌లో, మనుషులు సమాచారం ఎలా వెతుకుతారో చెప్పే మోడళ్లన్నీ వాటిని తయారుచేసిన పరిశోధకుల పేర్లతో వరసగా ఉంటాయి. విల్సన్, డెర్విన్, ఎల్లిస్, కుల్తౌ, ఒక్కొక్కరికీ ఒక బొమ్మ, బాణం గుర్తులు, సంవత్సరం. ముందు గదిలో తాతల ఫొటోలు తగిలించినట్టు. మూడో చాప్టర్‌లో అడుగుపెట్టగానే ఆ తాతల్ని ఎవరూ పలకరించరు. లైకర్ట్ స్కేల్, అంటే నేను ఇచ్చినలాంటి ఐదు గళ్లు, వచ్చేస్తుంది, శాతాలు వచ్చేస్తాయి, చివర్లో ‘కంప్యూటర్ల సంఖ్య పెంచాలి’ అన్న సూచన వచ్చేస్తుంది.

ఆ మోడళ్లు ఎలా పుట్టాయో చూస్తేనే అసలు బాధ తెలుస్తుంది. కరోల్ కుల్తౌ మొదట స్కూల్ లైబ్రేరియన్. 1980ల మొదట్లో ముప్పై మంది కూడా లేని హైస్కూల్ విద్యార్థుల్ని ఎంచుకుని, వాళ్లు ఒక ప్రాజెక్టు రాస్తున్నన్నాళ్లూ వాళ్లతో డైరీలు రాయించింది, ఏం వెతికారో లాగ్ రాయించింది, మధ్యమధ్యలో కూర్చోబెట్టి మాట్లాడింది. అప్పుడు బయటపడింది ఏమిటంటే, టాపిక్ దొరకగానే పిల్లలకి హుషారు వస్తుంది, కానీ సమాచారం చేతికి వస్తున్నకొద్దీ అది తగ్గి గందరగోళం పెరుగుతుంది, తను రాయాల్సింది ఇదీ అన్న ఒక కోణం దొరికాకే మళ్లీ ధైర్యం వస్తుంది. చదివేకొద్దీ అయోమయం తగ్గాలని కదా మనం అనుకుంటాం! కొన్నేళ్ల తర్వాత అవే పిల్లల్ని మళ్లీ పలకరించింది. ఆ తర్వాత 21 లైబ్రరీల్లో 385 మంది మీద సరిచూసుకుంది. అంటే పెద్ద శాంపిల్ ఆవిడా తీసుకుంది, కాకపోతే ఏం అడగాలో తెలిశాక తీసుకుంది. మేం ఏం అడగాలో తెలియకముందే తీసుకుంటాం.

కాన్‌స్టెన్స్ మెలన్‌ది ఇంకో దారి. రెండేళ్లపాటు విద్యార్థుల చేత లైబ్రరీలో వెతుకులాట గురించి సొంత మాటల్లో రాయించి, ఆ రాతల్ని చదివింది. నూటికి 75 నుంచి 85 మంది రాతల్లో కనిపించింది భయం. ఎక్కడ ఏముందో తెలియదు, అడిగితే నవ్వుతారేమో అన్న భయం. ‘లైబ్రరీ యాంగ్జైటీ’ అన్న మాట 1986లో అలా వచ్చింది. నా ఐదు గళ్లలో భయానికి గడి ఎక్కడుంది చెప్పండి?

మా రిఫరెన్స్ డెస్క్ దగ్గర జరిగిన ఒక చిన్న ముచ్చట చెప్తాను. ఒక కుర్రాడు వచ్చి, ‘మేడమ్, స్టాటిస్టిక్స్ పుస్తకాలు ఎక్కడుంటాయి?’ అన్నాడు. ర్యాక్ చూపించాను. కాసేపయ్యాక అటు వెళ్తే అక్కడే నిలబడి ఉన్నాడు, చేతిలో పుస్తకం లేదు, ఫోన్ ఉంది. ‘ఏం పని మీద నాయనా?’ అంటే గునుస్తూ చెప్పాడు. శిక్షణకి ముందు, తర్వాత అదే పిల్లల మార్కులు తీసుకున్నాడట, రెండు సగటుల మధ్య తేడా నిజమైనదేనా అని చూసే టీ టెస్ట్ చేయమని గైడ్ అన్నారట, అందులో రెండు రకాలు ఉన్నాయని ఎవరో అన్నారట, తనకి ఏది వర్తిస్తుందో తెలియదు. అదే పిల్లల మార్కులు రెండుసార్లు తీసుకున్నాడు కాబట్టి జతల టీ టెస్ట్ చేయాలి. అతనికి కావలసింది ర్యాక్ కాదు, ఒక పుస్తకంలో నాలుగు పేజీలు. లైబ్రరీ పరిశోధకుడు రాబర్ట్ టేలర్ 1968లోనే ఈ సంగతి రాశాడు. మనిషికి లోపల ఏదో వెలితి ఉంటుంది, తర్వాత అది సగం సగం తెలుస్తుంది, తర్వాత మాటల్లో పెడతాడు, చివరికి లైబ్రరీలో ఏముంటుందో ఊహించుకుని దానికి తగ్గట్టు కుదించి అడుగుతాడు. మనకి వినిపించేది ఆ నాలుగోదే. ఇదే కుర్రాడికి నేను ఫారం ఇచ్చి ఉంటే ‘సిబ్బంది సహకారం: బాగుంది’ అని టిక్కు పెట్టి వెళ్లేవాడు. ర్యాక్ చూపించాను కదా మరి.

ఇక 384 సంగతి, అంటే సర్వేకి ఎంతమందిని తీసుకోవాలన్న లెక్క. ఈ అంకె మా రంగంలో మంత్రం లాంటిది. క్రెజ్సీ, మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లో ఒక పట్టిక ఇచ్చారు. మొత్తం వెయ్యి మంది ఉంటే శాంపిల్ 278, పదివేలుంటే 370, లక్ష ఉంటే 384. పట్టికలో తప్పేం లేదు. కానీ అది అందరి జాబితా ముందు పెట్టుకుని లాటరీ తీసినట్టు ఎంచుకునేవాళ్లకి. మేం చేసేది లైబ్రరీ గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లకల్లా ఫారాలు పంచడం, అంకె మాత్రం ఆ పట్టికలోది వాడుకోవడం. లైబ్రరీకి రానివాడు ఎందుకు రావట్లేదు అన్నది అసలు ప్రశ్న అయితే, వాడు ఈ 384లో ఎప్పటికీ ఉండడు.

సర్వేలే వద్దని నేను అనడం లేదు. లిబ్‌క్వాల్ ప్లస్ అనే లైబ్రరీ సేవల సర్వే చూడండి, 2000లో మొదలైంది. ఒక్కో సేవకి మూడు మార్కులు అడుగుతుంది: కనీసం ఎంతుంటే చాలు, ఎంతుంటే బాగు, ఇప్పుడు ఎంతుంది. మూడింటి మధ్య తేడాలోనే విషయమంతా ఉంటుంది. అదీ గళ్లలోనే అడిగేది, కానీ ఆలోచించి గీసిన గళ్లు.

అసలు మనిషిని అడక్కుండానే తెలిసేవి కూడా బోలెడు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 1969లో కొన్న పుస్తకాల ఇష్యూ రికార్డులు చూస్తే, 1975 చివరికి కూడా దాదాపు 40 శాతం ఒక్కసారీ బయటికి పోలేదని తేలింది. 1979లో ఆ నివేదిక వచ్చాక లైబ్రరీ లోకంలో పెద్ద గొడవే జరిగింది. పుస్తకాలు వాడకానికే అన్నది మన దేశ గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిది, మా విద్యార్థులు పరీక్షలో కళ్లు మూసుకుని రాస్తారు. ఆ సూత్రం మన దగ్గర ఎంతవరకు అమలవుతోందో చెప్పే లెక్క ఇష్యూ సాఫ్ట్‌వేర్‌లోనే పడి ఉంది, ఓప్యాక్‌లో, అంటే లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగ్‌లో, ఎవరు ఏం వెతికి ఏమీ దొరక్క వెనక్కి పోయారో అదీ సర్వర్‌లో ఉంది. పరిశోధక విద్యార్థి అడిగితే ‘పై నుంచి అనుమతి తెచ్చుకో’ అంటారు. పైన ఎవరో కింద ఎవరికీ తెలియదు. చివరికి వాడు కూడా ఫారాలే పంచుతాడు.

అందుకే మీకు రాస్తున్నాను. విశ్వవిద్యాలయాల్లో ఏం పరిశోధన చేయాలో మంత్రి చెప్పకూడదు, నిజమే, నేనూ అదే అంటాను. కానీ ఏది చేయడానికి వీల్లేకుండా ఫారాలు, నిబంధనలు అడ్డుపడుతున్నాయో చూడమని మీ శాఖ అడగొచ్చు కదా. నేను చూసిన సినాప్సిస్ ఫారంలో, అంటే పరిశోధన మొదలుపెట్టే ముందు ఇచ్చే ప్రతిపాదన ఫారంలో, ‘హైపోథిసిస్’ (ముందే ఊహించి రాసే జవాబు), ‘శాంపిల్ సైజు’ అన్న గళ్లు ఖాళీగా ఉంటే కాగితం వెనక్కి వచ్చేస్తుంది. కుల్తౌ మొదటి అధ్యయనం ఆ టేబుల్ దాటేది కాదు. ఎల్లిస్ అయితే సామాజిక శాస్త్రవేత్తలతో కూర్చుని వాళ్లు ఎలా వెతుకుతారో మాట్లాడించి, ఆ మాటల్లోంచే మోడల్ తీశాడు, ముందుగా హైపోథిసిస్ రాయమంటే ఏం రాసేవాడు? ఆ గళ్ల పక్కన ‘వర్తిస్తే’ అన్న ఒక్క మాట చేర్చమని సూచించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండోది రికార్డులు. పేర్లు, రోల్ నంబర్లు తీసేశాకే ఇవ్వాలి, ఎవరు ఏం చదివారన్నది లైబ్రరీ గడప దాటకూడదు, ఈ విషయంలో నేను మీకంటే మొండిదాన్ని. పేర్లు తీసేశాక కూడా, ఒక్కరే చదివే అరుదైన సబ్జెక్టులో మనిషిని పట్టేయొచ్చు, కాబట్టి అలాంటివి కలిపేసి ఇవ్వాలి. ఈ పద్ధతి ఒకసారి రాసి, ఎవరిని అడగాలో, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో ఒక కాగితం మీద పెట్టించండి.

మూడోది, పరిశోధన పద్ధతులు నేర్పే మెథడాలజీ పేపర్ మాటకొస్తే, దాన్ని నోట్సు బట్టీ పట్టి పాసవ్వొచ్చు, నేనూ అలాగే పాసయ్యాను. ఆ మార్కుల్లో సగం తీసి, ఒక టర్మ్‌లో కొన్ని గంటలు రిఫరెన్స్ డెస్క్ పక్కన కూర్చుని, ఒప్పుకున్న పాఠకుల ప్రశ్నలు రాసుకుని, వాటి వెనక ఉన్న అసలు ప్రశ్న ఏమిటో తవ్వి రాసినందుకు ఇస్తే ఎలా ఉంటుందో ఒకట్రెండు చోట్ల చేయించి చూడండి. బాగోకపోతే మానేద్దాం.

నా పాత ఫారాల కట్ట ఇంకా బీరువాలోనే ఉంది, పద్నాలుగో ప్రశ్నతో సహా. మీ అధికారులు ఎవరైనా రమ్మంటే పట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక లైబ్రేరియన్