పీటర్సన్ కూడా టీవీ మనిషే

చిరంజీవి సౌమ్యకు నాన్న ఆశీస్సులు.

సినిమా ఆఫీసులకు వెళ్లి సీరియల్లో అసోసియేట్‌గా చేస్తున్నానని చెప్పగానే వాళ్ల మొహాలు మారిపోతున్నాయన్నావు. ఇక టీవీ మానేద్దామనుకుంటున్నానన్నావు. ఫోన్లో చెప్పబోతే షాట్ రెడీ అని నిన్ను పిలిచేస్తారు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. జర్మన్ దర్శకుడు వుల్ఫ్‌గాంగ్ పీటర్సన్ సంగతి నీకు చెప్పాలి.

‘ట్రాయ్’, ‘ఎయిర్ ఫోర్స్ వన్’ తీసినాయన అంటే నీకు తెలుస్తుంది. 1941లో ఉత్తర జర్మనీలోని ఎమ్‌డెన్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. హాంబర్గ్‌లో నాటకాలు చేసి, 1966లో బెర్లిన్‌లో అప్పుడే తెరిచిన ఫిల్మ్ అకాడమీలో చేరాడు. చదువయ్యాక ఆయనకు దొరికింది టీవీ పనే. జర్మనీలో ‘టాటోర్ట్’ అని ఆదివారం రాత్రి వచ్చే నేరపరిశోధన సీరీస్ ఉంది, 1970లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఒక్కో కథ గంటన్నర. పీటర్సన్ అందులో ఆరు తీశాడు. ఆరోది 1977లో వచ్చింది. అందులో స్కూలు పిల్లగా వేసిన నస్టాసియా కిన్‌స్కీకి ఒక్క రాత్రిలో పేరొచ్చింది. ఆ ఎపిసోడ్ గురించి జర్మన్లు ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

అంతకన్నా నాకు ఇష్టమైనది 1973లో టీవీకి తీసిన ‘స్మాగ్’. రూర్ పారిశ్రామిక ప్రాంతం మీద విషపు పొగ కమ్ముకుంటే ఏమవుతుందన్నది కథ. న్యూస్ రీడర్లు, విలేఖరులు, మంత్రుల ప్రకటనలు, అన్నీ నిజం బులెటిన్‌లాగే పెట్టాడు. చూస్తున్నవాళ్లు నిజమనుకుని హడలిపోయి టీవీ వాళ్లకు ఫోన్లు చేశారు. ఇంట్లో కూర్చుని టీవీ చూసే మనిషి దేన్ని నమ్ముతాడో తెలిసినవాడే అలా తీయగలడు. నువ్వు రోజూ పనిచేస్తున్నది ఆ మనిషి కోసమే కదమ్మా!

ఇక ‘దాస్ బోట్’. 1981లో థియేటర్లకొచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో ఒక జర్మన్ జలాంతర్గామి, అందులో ఇరుక్కుపోయిన కుర్రాళ్లు. దానికి డబ్బు పెట్టినవాళ్లలో జర్మన్ టీవీ సంస్థలున్నాయి. ఒకే షూటింగులో సినిమాకూ సీరియల్‌కూ సరిపడా తీశారు. థియేటర్లో రెండున్నర గంటలు, టీవీలో సుమారు ఐదు గంటలు. టీవీ లేకపోతే ఆ సినిమానే లేదు.

మ్యూనిక్ బవేరియా స్టూడియోలో అసలు కొలతలతో పడవ లోపలి గొట్టం కట్టి, హైడ్రాలిక్స్ మీద ఊపారు. కెమెరాకు చోటు కావాలంటే సెట్‌లో ఒక గోడ తీసేస్తారని నీకు తెలుసు. పీటర్సన్ తీయనివ్వలేదు. కెమెరామన్ యోస్ట్ వకానో చేతికెమెరాకు కుదుపులు తగ్గించే గైరోస్కోపులు బిగించుకుని, తలకు హెల్మెట్, మోకాళ్లకు ప్యాడ్లు పెట్టుకుని, ఆ ఇరుకు గొట్టంలో నటుల వెనక పరుగెత్తాడు. కథ వరసలోనే తీశారు కాబట్టి గడ్డాలు నిజంగానే పెరిగాయి. మొహాలు పాలిపోయి కనపడాలని నటులను ఎండకు పోనివ్వలేదు. ఆ అలారం మోగి అందరూ ముందుకు ఉరికే షాట్ చూడు, నీకే ఊపిరాడదు.

లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి వేసినప్పటి సంగతి ఆయనే చెప్పాడు. నలభై వేలమంది జర్మన్ జలాంతర్గామి నావికుల్లో ముప్ఫై వేలమంది తిరిగి రాలేదని మొదట్లో అక్షరాలు పడగానే హాల్లో చప్పట్లు కొట్టారట. పీటర్సన్‌కు గుండె జారిపోయింది. ఆట ముగిసేసరికి అదే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శత్రువు కొడుకుల కోసం వాళ్ల మనసు కరిగించాడు. ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, రెండు ఆయనవే, దర్శకత్వానికీ స్క్రీన్‌ప్లేకీ.

ఆ తరవాత హాలీవుడ్. 2006లో ‘పొసైడన్’ దెబ్బతిన్నాక పదేళ్లు సినిమా తీయలేదు. 2016లో జర్మనీకి తిరిగొచ్చి తీసిందేమిటో తెలుసా? 1976లో తానే టీవీకి తీసిన కథను మళ్లీ తీశాడు! అదే ఆయన ఆఖరి సినిమా. 2022 ఆగస్టులో ఎనభై ఒకటో ఏట పోయాడు.

అందుకే మానొద్దంటున్నాను. ఒక్క హాలు సెట్, ఇద్దరు ఆర్టిస్టులు, పూటకు ఇన్ని సీన్లు తీయాలన్న తొందర, వాటి మధ్య నువ్వు నేర్చుకుంటున్న బ్లాకింగ్, అంటే ఎవరు ఎక్కడ నిలబడాలో ఎటు కదలాలో కుదర్చడం, ఏ సినిమా ఆఫీసులోనూ కూర్చోబెట్టి నేర్పరు. పోయిన వారం ఎపిసోడ్‌లో అత్తగారు వంటింటి గుమ్మంలో ఆగిపోయిన షాట్ నీదేనని అమ్మ చెప్పింది. చాలా బాగుంది తల్లీ. డైలాగు లేకుండా ఆమె అవమానం మొత్తం తెలిసింది.

సెలవు దొరికినప్పుడు ‘దాస్ బోట్’ పొడుగు సీరియలే చూడు, థియేటర్ కట్ కాదు. చూస్తూ పేపర్ మీద కెమెరా ఎక్కడుందో గీసుకో. పండక్కి వచ్చేటప్పుడు ఆ కాగితాలు పట్టుకురా, ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. వేళకు తిను.

మీ నాన్న