గొడుగుకు ఒక ఉత్తరం

పటమట, విజయవాడ

ఒరేయ్ గొడుగూ,

రెండు నెలలుగా జవాబు రాయనందుకు క్షమించు. అమ్మ మోకాలు నయం, పాప ఐదో తరగతికి వచ్చింది, ఇక్కడి ఎండ నీకు తెలిసిందే. ఇక అసలు సంగతి. మంగళవారం నుంచి కడుపులో దాచుకోలేకపోతున్నాను.

రెండో సంవత్సరం పిల్లలకు క్విక్ సార్ట్ చెప్పాలి. అదే, ఒక సంఖ్యను పివట్‌గా పట్టుకుని, దానికన్నా చిన్నవి ఎడమకు, పెద్దవి కుడికి చేర్చి, రెండు వైపులా మళ్లీ అలాగే చేస్తూ సంఖ్యలను వరుసలో పేర్చే పద్ధతి. మూడేళ్లుగా బోర్డు మీద బాణాలు గీసి చెప్పాను. పరీక్షలో ప్రోగ్రాం పొల్లుపోకుండా రాస్తారు; పివట్ ఎందుకని అడిగితే నేల చూపులు. ఈసారి సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో తయారైన విజువాల్గో అనే బొమ్మల వెబ్‌సైట్‌ను తెర మీద పెట్టాను. సంఖ్యలు నిలువు పట్టీలై, రంగులు మార్చుకుంటూ చోట్లు మారతాయి. అందరూ కళ్లప్పగించి చూశారు. మర్నాడు అడిగితే మళ్లీ నేల చూపులే! ఎంత దిగులేసిందో.

అందుకని ప్రతి అడుగుకీ ఆపాను. "ఇప్పుడు ఏ పట్టీ కదులుతుంది? రాయండి." రాశాకే ముందుకు. తప్పు రాసినవాడు ఇక తెర మీద నుంచి చూపు తిప్పడు. క్యాంటీన్ చదరంగంలో ఏనుగు పోయాక నువ్వూ బోర్డు మీద నుంచి చూపు తిప్పేవాడివి కాదుగా, అలాగే!

అప్పుడు లేచాడురా, ఎన్నడూ నోరు విప్పని తెనాలి కుర్రాడు. "సార్, ముందే వరుసలో ఉన్న సంఖ్యలిస్తే చిటికెలో అయిపోతుంది కదా?" నేను జవాబు చెప్పలేదు, నువ్వే వచ్చి ఇవ్వమన్నాను. 1 నుంచి 8 వరకు కొట్టాడు. మొదటి సంఖ్యే పివట్. ప్రోగ్రాం 1ని మిగతా 7 సంఖ్యలతో పోల్చింది, ఎడమవైపు ఖాళీ. తర్వాత 2ను 6 సంఖ్యలతో. మళ్లీ ఖాళీ. పట్టీలు కదలవు, పోలికలు మాత్రం పెరుగుతున్నాయి. వెనక బెంచీల వాళ్లు గట్టిగా లెక్కపెడుతున్నారు. మొత్తం 28! అవే సంఖ్యలు, పేకముక్కల్లా ఒక్కొక్కటే దాని చోట దూర్చే ఇన్సర్షన్ సార్ట్‌కు ఇస్తే 7 పోలికలతో సరి.

వాడు వేలు 1వ పట్టీ మీద పెట్టి అలాగే నిలబడ్డాడు. "సగానికి చీలడం లేదు సార్. మధ్య సంఖ్యను పివట్‌గా తీసుకుంటే?" ఒరేయ్, ఆ మాట నేను చెప్పలేదు! కాగితం మీద వేసి చూశాం, 13 వచ్చింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

1981లోనే టొరాంటోలో రొనాల్డ్ బేకర్ ఇలా వరుసలో పేర్చే సార్టింగ్ పద్ధతుల మీద అరగంట యానిమేషన్ చిత్రం తీశారు. అది చూడవలసిందే తప్ప, సంఖ్యలు మార్చడానికి వీల్లేదు. ఇక్కడ మీట పిల్లల చేతిలోనే ఉంది. అదేరా తేడా.

వచ్చే వారం గ్రాఫ్‌లు, అంటే చుక్కలూ వాటిని కలిపే గీతలూ. కృష్ణలంక నుంచి గుణదలకు ఏ దారి దగ్గరో, దగ్గర దారి వెతికే డైక్‌స్ట్రా పద్ధతితో వాళ్ల చేతే వేయించాలని, బందరు రోడ్డు మూసేస్తే... అయ్యో, తపాలా పెట్టె తీసే వేళయింది. మిగతాది

నీ
బాణాలు